కరెంటు ఆదా పెట్టెలు, మన తెల్ల కార్డు చెప్పే చరిత్ర



రెండు వారాలుగా మన గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. సబ్బు పెట్టె అంత తెల్లటి పెట్టె. ప్లగ్గులో పెట్టి స్విచ్ వేస్తే పచ్చ దీపం వెలుగుతుంది. అంతే, కరెంటు బిల్లు సగానికి సగం తగ్గిపోతుందట. వీడియో కింద మన సభ్యులే కొందరు "సంఘం తరపున అందరికీ కలిపి తెప్పిస్తే రేటు తగ్గుతుంది కదా" అని రాశారు.

ఈ మాట మన సంఘంలో ఇది రెండోసారి. 2018లో ఇలాంటి పెట్టెనే సంఘం డబ్బుతో కొనబోయి చివరి నిమిషంలో ఆగాము. ఎందుకు ఆగామో కొత్త సభ్యులకు తెలియదు, పాతవాళ్ళలో చాలామంది మరిచిపోయారు. అందుకని ఆ సంగతినీ, దాని వెనకున్న కరెంటు చరిత్రనూ కాస్త పొడుగ్గానే రాస్తున్నాము. ఓపికగా చదవండి.

మొదట మన ఊరి సంగతి. పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతం ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేదని మన ఇళ్ళలో పెద్దలు చెబుతూనే ఉంటారు. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మనం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాము. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1959 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు పుట్టింది. మద్రాసు రాష్ట్ర విద్యుత్ బోర్డు అంతకు ముందే, 1957 జూలై 1న మొదలైంది. అంటే ఆంధ్రా బోర్డు నీడలో మనం ఉన్నది ఒక్క ఏడాదే. ఆ తరువాత మన కరెంటు, మన మీటరు, మన బిల్లు అన్నీ మద్రాసు బోర్డువే. బోర్డు పేరు తరువాత మారింది. 2010లో కంపెనీలుగా విడదీశారు, 2024లో మళ్ళీ పేరు మార్చారు. మన నోట్లో మాత్రం అది ఇప్పటికీ 'ఈబీ'యే.

ఈ సరిహద్దు సంగతి ఎందుకు చెబుతున్నామంటే, బిల్లు తగ్గడం, పెరగడం అన్నది వస్తువు ఒక్కదాని వల్ల జరిగేది కాదు. లెక్క కట్టే పద్ధతి వల్ల కూడా జరుగుతుంది. నగరిలో ఉన్న మన చుట్టాలకు ప్రతి నెలా బిల్లు వస్తుంది. మనకు రెండు నెలలకోసారి వస్తుంది. వాళ్ళ స్లాబులు వేరు, మన స్లాబులు వేరు. అదే ఫ్యాను, అదే ఫ్రిజ్జు అక్కడ తెచ్చే ఖర్చు ఒకటి, ఇక్కడ తెచ్చే ఖర్చు ఒకటి. పెట్టెలు అమ్మేవాడు మాత్రం రెండు చోట్లా ఒకే మాట చెబుతాడు.

ఇక మీటరు సంగతి. కరెంటు అమ్మడం మొదలైన రోజుల్లోనే 'ఎంత వాడావు' అన్న తగువు కూడా మొదలైంది. 1880ల్లో ఎడిసన్ కంపెనీ ఇళ్ళలో పెట్టిన మీటరులో జింకు పలకలు ఉండేవి. నెల తిరిగాక ఆ పలకలను తీసుకుపోయి తూచి, బరువులో వచ్చిన తేడాను బట్టి బిల్లు వేసేవారు. వాడుకున్నవాడికి తన లెక్క తాను చూసుకునే దారే లేదు. 1889లో హంగేరీ ఇంజినీరు ఓటో బ్లాతీ తిరిగే చక్రంతో మీటరు చేశాడు. మన చిన్నప్పుడు తలుపు పైన నల్లటి డబ్బాలో మెల్లగా తిరుగుతూ ఉండిన చక్రం ఆ వంశానిదే. ఇప్పుడు చక్రం పోయి ఎర్ర దీపం మిణుకుమిణుకుమనే మీటరు వచ్చింది. రూపం మారినా కొలిచేది ఒకటే. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. ఇంటి బిల్లు ఆ యూనిట్ల మీదే.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో మంచి అలవాటు ఉంది. రీడింగు తీసేవారు వచ్చి తెల్ల కార్డులో తేదీ, రీడింగు, వాడిన యూనిట్లు, కట్టవలసిన డబ్బు రాసిపోతారు. చాలా ఇళ్ళలో ఆ కార్డు మీటరు పక్కన మేకుకో, క్యాలెండరు వెనకో ఉంటుంది. అది మన ఇంటి చరిత్ర పుస్తకం అంటే నమ్మండి. ఏ ఏడాది ఏ వస్తువు ఇంట్లోకి వచ్చిందో ఆ అంకెల్లో కనిపిస్తుంది.

మన ఇళ్ళలోకి వస్తువులు వచ్చిన క్రమం ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట గుండు బల్బు, తరువాత ట్యూబులైటు, తరువాత ఒక ఫ్యాను. 2006లో ప్రభుత్వం ఉచితంగా కలరు టీవీలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2011 సెప్టెంబరు 15న మన జిల్లాలోనే, తిరువళ్ళూరు పక్కన కాక్కలూరులో, అప్పటి ముఖ్యమంత్రి జయలలిత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను పథకాన్ని ప్రారంభించారు. రుబ్బురోలు ముందు కూర్చుని ఇడ్లీ పిండి రుబ్బిన మన అమ్మల నడుములకు ఆ గ్రైండరు చేసిన మేలు చిన్నది కాదు. దాంతో పాటే తెల్ల కార్డులో అంకె కూడా పెరిగింది.

అదే కాలంలో కరెంటు కోతలు. 2008 నుంచి ఐదారేళ్ళు మనం పడిన అవస్థ, 2012లో పగలూ రాత్రీ గంటల తరబడి కరెంటు లేక పిల్లలు చదువుకోలేకపోవడం ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు ఇన్వర్టర్లు వచ్చాయి. ఇన్వర్టరు కరెంటును ఆదా చేయదు, దాచి ఇస్తుంది. బ్యాటరీలోకి పోసినంతా తిరిగి రాదు, దారిలో కొంత వేడిగా పోతుంది. స్టెబిలైజరూ అంతే. అది ఫ్రిజ్జును కాపాడుతుంది కానీ బిల్లును తగ్గించదు. అయితే ఆ రోజుల్లో 'పవర్' అన్న మాట రాసి ఉన్న ఏ డబ్బా మీదైనా మనకు ఆశ పుట్టింది. పెట్టెలు అమ్మేవాళ్ళకు అదే అదను.

ఇప్పుడు 2018 సంగతి. జూలై మొదట్లో మన సభ్యుడు ఒకరు, చిల్లర అంగడి నడిపే పెద్దాయన, పదిహేను వందలు పెట్టి ఒక పెట్టె కొన్నారు. అంతకు ముందే వచ్చిన బిల్లు 1,912 రూపాయలు. సెప్టెంబరు మొదట్లో వచ్చిన బిల్లు 1,100 రూపాయలు. ఆయన ఆ రసీదు పట్టుకుని ఊరంతా తిరిగారు. అబద్ధం ఆడే మనిషి కాదు. ఎనిమిది వందలకు పైగా తగ్గింది, నూటికి నలభై రెండు వంతులు. కళ్ళ ముందు కనిపిస్తోంది. ఇంకేం కావాలి?

పెట్టెలు అమ్మే మనిషి తరువాతి ఆదివారమే మన సమావేశానికి వచ్చాడు. ఒక చిన్న మోటారు తెచ్చాడు, తీగ చుట్టూ పట్టుకునే క్లాంపు మీటరు తెచ్చాడు. మోటారు వేసి మీటరు చూపించాడు. ఆ పైన పెట్టెను ప్లగ్గులో పెట్టాడు. మీటరులో ఆంపియర్లు మన కళ్ళ ముందే సగానికి దగ్గరగా పడిపోయాయి. చప్పట్లు కొట్టాము. అరవై పెట్టెలు ఒకేసారి తీసుకుంటే ఒక్కొక్కటి పన్నెండు వందలకు ఇస్తానన్నాడు. మొత్తం 72,000 రూపాయలు. పదో తరగతి పిల్లల పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు మనం ఏళ్ళ తరబడి కూడబెట్టిన నిధి అప్పుడు దానికి కాస్త పైన ఉండేది. ముందు నిధి నుంచి ఇచ్చి, తరువాత ఒక్కొక్క ఇంటి దగ్గరా వసూలు చేసుకుందామని తీర్మానం రాయడానికి కూడా కూర్చున్నాము.

అప్పుడు పొదటూరుపేటలో మరమగ్గాల దగ్గర ఎలక్ట్రికల్ పనులు చూసే మన సభ్యుడు ఒకరు వెనక నుంచి లేచారు. "అన్నా, బిల్లు ఎంత తగ్గిందో చెప్పావు. యూనిట్లు ఎంత తగ్గినాయో చెప్పలేదే" అన్నారు.

పెద్దాయనకు తెలియదు. బిల్లు చెన్నైలో ఉన్న కొడుకు ఫోనులో కట్టేస్తాడు. ఇంటికి మనిషిని పంపి తెల్ల కార్డు తెప్పించాము. జూలై రీడింగులో 520 యూనిట్లు. సెప్టెంబరు రీడింగులో 490 యూనిట్లు. తగ్గింది 30 యూనిట్లు. నూటికి ఆరు వంతులు కూడా కాదు.

మరి బిల్లు అంతలా ఎలా పడిపోయింది? ఇక్కడ మన రాష్ట్రపు అప్పటి స్లాబుల లెక్క తెలియాలి. 2016 మే 23 నుంచి ఇళ్ళకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. ఆ పైన, మొత్తం వాడకం 200 దాటి 500 యూనిట్ల లోపు ఉంటే 101 నుంచి 200 దాకా యూనిట్ 2 రూపాయలు, 201 నుంచి 500 దాకా 3 రూపాయలు, స్థిర చార్జీ 30. వాడకం 500 దాటిందా, రేట్లన్నీ మారిపోతాయి. 101 నుంచి 200 దాకా మూడున్నర, 201 నుంచి 500 దాకా 4 రూపాయల 60 పైసలు, ఆ పైన 6 రూపాయల 60 పైసలు, స్థిర చార్జీ 50. అందుకే 500 యూనిట్లు వాడిన ఇంటికి 1,130 రూపాయలు వస్తే, 501 వాడిన ఇంటికి 1,787 వచ్చేది. ఒక్క యూనిట్‌కు 650 రూపాయలకు పైగా తేడా!

మన పెద్దాయన ఆ గీతకు అటు నుంచి ఇటు వచ్చారు, అంతే. 520 దగ్గర 1,912, 490 దగ్గర 1,100. గీత దాటించింది పెట్టె కదా అని ఎవరో అన్నారు. ఎలక్ట్రీషియను కార్డు తిరగేసి వెనకటి ఏడాది వరసలు చదివారు. 2017 జూలై 515 యూనిట్లు, బిల్లు 1,879. 2017 సెప్టెంబరు 484 యూనిట్లు, బిల్లు 1,082. పెట్టె అన్న మాటే లేని ఏడాదిలోనూ సరిగ్గా ఇదే తగ్గుదల! మే, జూన్ ఎండలకు రాత్రంతా ఫ్యాన్లు తిరుగుతాయి, ఫ్రిజ్జు గస పెడుతుంది. ఆడి కృత్తిక దాటి నాలుగు వానలు పడితే వాడకం దానంతట అదే తగ్గుతుంది. ఆ మెహర్బానీ వానలది. పెట్టె మధ్యలో వచ్చి పేరు కొట్టేసింది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఆయన తప్పేమీ లేదు. రూపాయలు చూసినవాడు ఎవరైనా అలాగే నమ్ముతాడు.

అమ్మే మనిషి ఊరుకోలేదు. "మరి ఆంపియర్లు తగ్గడం మీరే చూశారు కదా సార్" అన్నాడు. అది నిజమే. అక్కడే అసలు కిటుకు ఉంది. ఎలక్ట్రీషియను ఆ రోజు చెప్పిన పోలికతోనే చెబుతాము, ఎందుకంటే అంతకన్నా బాగా మాకు చేతకాదు.

మోటారులో, ఫ్యానులో, పాత ట్యూబులైటు చోకులో రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఆ చుట్టలు లైను నుంచి కొంత కరెంటును చేబదులు తీసుకుంటాయి, మరుక్షణమే తిరిగి ఇచ్చేస్తాయి. సెకనుకు వంద సార్లు ఈ తీసుకోవడం, ఇవ్వడం జరుగుతుంది. ఇది నిజంగా ఖర్చయిన కరెంటు కాదు, వచ్చి పోయేది. ప్లగ్గు పెట్టెలో ఉండేది ముఖ్యంగా ఒక కెపాసిటర్. అది ఆ చేబదులును వీధి లైను నుంచి కాకుండా ఇంట్లోనే సర్దుబాటు చేస్తుంది. అందుకని తీగలో ఆంపియర్లు తగ్గినట్టు క్లాంపు మీటరు చూపిస్తుంది. అబద్ధం కాదు. కానీ ఈబీ వారి ఇంటి మీటరు చేబదులును ఎప్పుడూ లెక్క రాయలేదు. అది రాసేది ఖర్చును మాత్రమే. రాయని బాకీని తీర్చి, బిల్లు తగ్గించానంటే ఎలా?

ఫ్యాక్టరీల సంగతి వేరు. అక్కడ పెద్ద పెద్ద మోటార్ల చేబదులు అటూ ఇటూ పరుగెత్తడానికి బోర్డు లావు తీగలు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు వేయాలి. అందుకని పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే అదనపు చార్జీ వేస్తారు. అక్కడ కెపాసిటర్ పెడితే నిజంగా డబ్బు మిగులుతుంది. మరమగ్గాల వాళ్ళకూ, బావుల దగ్గర మోటార్లు ఉన్న రైతులకూ కెపాసిటర్ కొత్త వస్తువు కాదు. ఫ్యాక్టరీకి పనికొచ్చే వైద్యాన్ని ఆ జబ్బే లేని ఇంటికి అమ్మడం, ఇదీ పెట్టె వ్యాపారం.

మాటలతో సరిపెట్టకుండా ఆ సాయంత్రమే పరీక్ష కూడా చేశాము. హాల్లో నాలుగు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు వేసి, మిగతావన్నీ ఆపేశాము. హాలు మీటరు మీద యూనిట్‌కు 3,200 మిణుకులు అని రాసి ఉంది. పది నిమిషాలు ఇద్దరు కూర్చుని ఎర్ర దీపం మిణుకులు లెక్కపెట్టారు. పెట్టె లేకుండా 216. పెట్టె పెట్టాక 217. ఆ ఒక్కటి లెక్కలో పొరపాటో, పెట్టెలోని పచ్చ దీపం తిన్నదో చెప్పలేము. నిజానికి ఆ పెట్టె ఒక్క వాటు తీసుకున్నా రెండు నెలలకు దాదాపు యూనిట్టున్నర అవుతుంది. తీర్మానం కాగితం చించేశాము.

తరువాత చదివి తెలుసుకున్నది ఇంకా ఉంది. ఈ పెట్టెలకు గొప్పింటి పేరు తగిలించడం వెనక ఒక నిజమైన కథ ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఫ్రాంక్ నోలా అనే ఇంజినీరు మోటారు భారం లేకుండా తిరుగుతున్నప్పుడు వోల్టేజిని తగ్గించే పరికరాన్ని తయారు చేసి 1977లో పేటెంటు పొందాడు. అది మంచి పరికరమే. ఎక్కువసేపు ఖాళీగా తిరిగే మోటార్లకు పనికొస్తుంది. దాని పేరు చెప్పి, దానితో సంబంధం లేని డబ్బాలను కూడా 'అంతరిక్ష విజ్ఞానం' అని అమ్మడం మొదలైంది. 2009లో అమెరికా ప్రమాణాల సంస్థ నిపుణులు ఈ కెపాసిటర్ డబ్బాల మీద నివేదిక ఇచ్చారు. ఇళ్ళలో వీటి వల్ల బిల్లు తగ్గదన్నదే దాని సారం. మన హాల్లో రెండు వందల చిల్లర మిణుకులు లెక్కపెట్టి తేల్చిందీ అదే.

అలాగని ఆదా చేసే వస్తువులే లేవా? ఉన్నాయి. వాటి గుర్తు ఒకటే. అవి అదే పనిని తక్కువ వాట్లతో చేస్తాయి. వేరే వస్తువు పక్కన కూర్చుని మాయ చేస్తామని చెప్పవు.

బల్బు తీసుకోండి. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. రోజుకు ఐదు గంటలు వెలిగితే రెండు నెలలకు 15 యూనిట్లు మిగులుతాయి. తెల్లటి ఎల్ఈడీ వెలుతురుకు దారి తీసిన నీలి ఎల్ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలైంది. ప్రభుత్వ సంస్థ కోట్ల కొద్దీ బల్బులు ఒకేసారి కొనడంతో 2014లో మూడు వందల పైచిలుకు ఉన్న బల్బు కొనుగోలు ధర రెండేళ్ళలో నలభై లోపుకు దిగింది. అందరూ కలిసి కొంటే రేటు తగ్గుతుందని మన సభ్యులు అన్న మాట నిజమే. సరైన వస్తువు కొంటేనే అది లాభం.

ట్యూబులైటు 40 వాట్లు అంటారు, పాత చోకు తినేది కలిపితే యాభై దాటుతుంది. ఎల్ఈడీ ట్యూబుకు ఇరవై చాలు. ఫ్యాను ఇంకా పెద్ద లెక్క. మామూలు ఫ్యాను 75 వాట్లు. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై లోపే. మన ఎండలకు రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యానులో రెండు నెలలకు 38 యూనిట్ల దాకా మిగులుతాయి. పాత డబ్బా రెగ్యులేటరు ఫ్యానును నెమ్మది చేసినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా పారేస్తుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. దాని బదులు ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టినా కొంత లాభమే, అయితే ఫ్యాను ఫుల్లులో తిరిగితే ఏ రెగ్యులేటరూ ఏమీ మిగల్చదు. ఇక ఫ్రిజ్జులు, ఏసీల మీద నక్షత్రాల చీటీ 2006లో వచ్చింది. ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఫ్రిజ్జు మీది చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లు అవుతాయో అంకె ఉంటుంది. అంగట్లో రంగు చూసే ముందు ఆ అంకె చూడండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు గురించి రాస్తూ, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్నకొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని చూపించాడు. మన ఇళ్ళలోనూ అంతే. ఎల్ఈడీ వచ్చాక 'చిన్న బల్బే కదా' అని వరండాకు ఒకటి, మెట్ల కింద ఒకటి, దేవుడి గదికి రెండు పెట్టాము. ఫైవ్ స్టార్ కదా అని ఏసీ తెచ్చి తెల్లవార్లూ నడిపాము. వస్తువు ఆదా చేసింది, మనం ఖర్చు పెట్టేశాము. తప్పు అనడం లేదు, ఎండకు తాళలేక పెట్టుకున్నదే. బిల్లు చూసి వస్తువును తిట్టకూడదు, అంతే.

ఇప్పుడు అసలు మాట. ఏది కొనాలన్నది మీ కార్డులోని అంకెను బట్టి ఉంటుంది. 2018లో తీర్మానం చించేశాక వచ్చిన ఆదివారం ఇళ్ళ కార్డులన్నీ హాలుకు తెప్పించి మూడు కుప్పలుగా వేశాము. 100 యూనిట్ల లోపు వాళ్ళు, 100 నుంచి 500 వాళ్ళు, ఎండాకాలంలో 500 దాటేవాళ్ళు.

మొదటి కుప్పలో వాళ్ళు ఈబీకి కట్టేది సున్నా. సున్నాలో ఎవరూ ఏమీ తగ్గించలేరు. ఆ కుప్పలోని కార్డు ఒకటి ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మది. 85 యూనిట్లు. ఆమె కూడా పెట్టె కొన్నది. అప్పట్లో వృద్ధాప్య పింఛను నెలకు వెయ్యి రూపాయలు. ఒకటిన్నర నెల పింఛను పోసి, రాని బిల్లును తగ్గించుకోవడానికి కొన్నది. తమిళంలో రాసిన కార్డు ఆమె చదవలేదు, తెలుగులో చెప్పిన అమ్మకపు మాటను నమ్మింది. అమ్మినవాడి నంబరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ రోజు మాకు పెట్టె మీద కన్నా మా మీద మాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ సంఘంలో ఒక్కరైనా ఆమె కార్డు చదివి "నీకు బిల్లే లేదు పెద్దమ్మా" అని చెప్పలేదు.

రెండో కుప్పవాళ్ళకు బల్బులు, ట్యూబులు మార్చుకుంటే మెల్లగా లాభం. మూడో కుప్పవాళ్ళకే పెద్ద లాభం, ఎందుకంటే వాళ్ళు గీత మీద నిలబడి ఉన్నారు. ఒక్క బీఎల్‌డీసీ ఫ్యాను చాలు వాళ్ళను ఇటు దించడానికి.

రేట్లు ఇప్పుడు మారాయి. 2022 సెప్టెంబరు 10 నుంచి వచ్చిన రేట్లలో 500 యూనిట్లకు 1,725 రూపాయలు, 501కి 1,958. అంటే గీత దగ్గర గండి 650 నుంచి 233కు పూడింది. కానీ గీత ఇంకా ఉంది. ఆ రేట్లలో 500 దాటిన మొదటి స్లాబులో యూనిట్ 8 రూపాయలు ఉండేది. 2024 జూలైలో రేట్లు ఇంకొంచెం పెరిగాయి. మొదటి 100 ఉచితం అలాగే ఉంది. మగ్గాల వాళ్ళకు 2023 నుంచి చేమగ్గానికి 300, మరమగ్గానికి 1,000 యూనిట్ల దాకా రెండు నెలలకు ఉచితం ఉంది. ఆ లోపు వాడేవాళ్ళకు కూడా పెట్టె వల్ల ఒరిగేదేమీ లేదు. సరిహద్దు అవతల నగరిలో చుట్టాలకు చెప్పేటప్పుడు అక్కడి లెక్క చెప్పండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన అక్కడి స్లాబులలో నెలకు 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు. అక్కడ మంచి ఫ్యాను పెట్టిన డబ్బు ఇక్కడికన్నా తొందరగా తిరిగి రావచ్చు.

కాబట్టి వీడియోలోని పెట్టె సంఘం తరపున తెప్పించడం లేదు. దాని బదులు వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు అందరూ తెల్ల కార్డులు పట్టుకుని హాలుకు రండి. కార్డు పోయినవాళ్ళు ఫోనులో పాత బిల్లులు చూపించినా చాలు. రెండేళ్ళ అంకెలు పక్కపక్కన రాసి, ఎవరిది ఏ కుప్పో చూద్దాం. ఫ్యాన్లో, ట్యూబులో కావలసినవాళ్ళ పేర్లు రాసుకుని, అందరికీ కలిపి హోల్‌సేలులో అడుగుదాం. రాలేని పెద్దవాళ్ళ కార్డులు పక్కింటి వాళ్ళు తీసుకురావాలి. ఇది మాత్రం మరవకండి.

పెద్దమ్మ పెట్టె ఇంకా ఆమె ఇంట్లోనే ఉంది. తీసేయమని చెబితే వద్దంది. రాత్రి నీళ్ళకు లేచినప్పుడు ఆ పచ్చ వెలుతురులో చెంబు కనిపిస్తుందట.